ఎముకల బలానికి టెస్టోస్టిరాన్.. సాంద్రత పెరిగినా ఫ్రాక్చర్లు తగ్గలేదు!

టెస్టోస్టిరాన్ తీసుకుంటే మగాళ్ల ఎముకలు గట్టిపడతాయనే మాట జిమ్‌ల్లోనూ, మొబైల్ వీడియోల్లోనూ వినిపిస్తుంటుంది. కానీ అందులో సగమే నిజం.

ఆ సగం ఏంటంటే..
2017లో వచ్చిన ఓ అమెరికా స్టడీలో 65 ఏళ్లు దాటి, ఈ హార్మోన్ తక్కువగా ఉన్న 211 మందిని ఏడాది పాటు గమనించారు. టెస్టోస్టిరాన్ జెల్ వాడినవాళ్లలో వెన్నెముక లోపలి ఎముక సాంద్రత 7.5 శాతం పెరిగింది. మందు లేని జెల్ వాడినవాళ్లలో పెరిగింది 0.8 శాతమే. ఎముక గట్టిపడితే విరగడం కూడా తగ్గుతుందనే అందరూ అనుకున్నారు.

2024లో సీన్ రివర్స్
'ట్రావర్స్' ట్రయల్‌లో 45 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 5,204 మందిని సగటున మూడేళ్లకు పైగా ఫాలో అయ్యారు. టెస్టోస్టిరాన్ వాడినవాళ్లలో 91 మందికి ఎముకలు విరిగాయి. వాడనివాళ్లలో 64 మందికే. ఒంట్లో హుషారు పెరిగి, దూకుడుగా తిరగడం వల్ల కావచ్చన్నది ఒక అంచనా మాత్రమే. అసలు కారణం ఇంకా తేలలేదు.

ఉద్దానంలో లెక్క వేరు
కవిటి, సోంపేట, కంచిలి, పలాస.. ఈ మండలాల్లో కిడ్నీ జబ్బుతో బతుకీడుస్తున్న కూలీలు, రైతులు ఎందరో. విటమిన్ డి ఒంటికి పనికొచ్చేలా మారేది కిడ్నీల్లోనే. అవి దెబ్బతింటే రక్తంలో ఫాస్పరస్ పేరుకుపోతుంది, ఎముకల్లోని కాల్షియం కరిగిపోతుంది. ఇలాంటి వాళ్లకి ఒళ్లు నొప్పులంటే హార్మోన్ ఇంజెక్షన్ కాదు, ముందు కిడ్నీ డాక్టర్ కావాలి. పలాసలో 2023 డిసెంబర్‌లో మొదలైన కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ఉన్నది అందుకే.

మరి ఎవరికి అవసరం?
వృషణాలకో, పిట్యూటరీ గ్రంథికో జబ్బు చేసి హార్మోన్ నిజంగా పడిపోయినవాళ్లకి ఈ మందు కావాల్సిందే. అయితే ఒక్క రిపోర్ట్ చూసి మొదలెట్టకూడదు. ఉదయం పూట రక్తపరీక్ష, అదీ రెండుసార్లు చేయించాలి. ఎముకలు విరిగే ముప్పు ఉంటే డెక్సా స్కాన్ తీసి, ఎముకల మందులు విడిగా ఇస్తారు.

టెస్టోస్టిరాన్ షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. జిమ్‌లో ఎవరో చెప్పారని వాడితే ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోన్ ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లు ఇది మర్చిపోవద్దు.