నిలబడ్డారు, కానీ పాడలేదు!

ఒక చిన్న ప్రశ్న. స్కూల్లో అందరూ జనగణమన పాడుతున్నారు. ముగ్గురు పిల్లలు మర్యాదగా లేచి నిలబడ్డారు కానీ పాడలేదు. వాళ్లని స్కూల్ నుంచి తీసేయొచ్చా?

ఇదే ఇన్‌స్టాలో పోల్ పెడితే రిజల్ట్ ఏంటో నాకూ తెలుసు, మీకూ తెలుసు. కానీ ఇది 1985లో కేరళలో నిజంగా జరిగింది. ఆ పిల్లలు యెహోవా సాక్షులు. క్రైస్తవుల్లో చాలా చిన్న వర్గం. మన దేశానిదే కాదు, ఏ దేశ గీతం పాడటానికైనా వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు.

విషయం అసెంబ్లీ దాకా వెళ్లింది. విచారణ కమిషన్ వేశారు. పిల్లలు గీతాన్ని అగౌరవపరచలేదని ఆ కమిషనే చెప్పింది. అయినా జులై 26న స్కూల్ నుంచి పంపించేశారు. గీతంలో ఎవరి మతాన్నీ నొప్పించే మాట లేదు కదా అంటూ హైకోర్టు కూడా కాదంది.

చివరికి సుప్రీంకోర్టు. 1986 ఆగస్టు 11న తీర్పు రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆయన చెప్పింది సింపుల్. 1971 చట్టం ప్రకారం పాడేవాళ్లని అడ్డుకోవడం నేరం, పాడకపోవడం నేరం కాదు. లేచి నిలబడటం కూడా గౌరవమే. వాళ్ల నమ్మకం మనకి నచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు, వాళ్లు నిజాయితీగా నమ్ముతున్నారా అన్నదే చూడాలి. 19, 25 అధికరణల కింద పిల్లలు గెలిచారు. అప్పటికే ఏడాది దాటిపోయింది.

నాకు జనగణమన వింటే ఒళ్లు పులకరిస్తుంది. గొంతెత్తి పాడతాను. అయినా ఆ తీర్పు వైపే ఉంటాను. ఎందుకంటే ఎక్కువమందికి ఓటు బలం ఎలాగూ ఉంటుంది. ముగ్గురికి ఉండేది రాజ్యాంగం ఒక్కటే. హక్కుల్ని కూడా పోల్‌లో పెడితే ఆ ముగ్గురూ ప్రతిసారీ ఓడిపోతారు.

'మనకేంటి, మనం మెజారిటీయేగా' అంటారా? తమిళనాడులో, కర్ణాటకలో తెలుగువాళ్లు భాషా మైనారిటీలు. అక్కడ సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు మనవాళ్లకి 30వ అధికరణ వల్లే వచ్చింది. మతపరమైన మైనారిటీలకి అండగా ఉన్నదీ అదే అధికరణ.

ఈసారి 'చూడండి, వీడు పాడట్లేదు' అంటూ గ్రూప్‌లో వీడియో వస్తే, ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్క క్షణం ఆగండి. అవతల ఉన్నది స్కూల్ పిల్లలు కావచ్చు.