అయిదొందల రూపాయల చీకటి

ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా ఓసారి దిగి చూడండి. పదేళ్లు దాటిన కార్లు వరసగా నిలబడి ఉంటాయి. వాచ్‌మన్ పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిచాడేమో, ఒళ్లంతా తళతళలాడుతుంటుంది. బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు. డ్యాష్‌బోర్డు మీద దేవుడు, ఆ పక్కనే సెంటు సీసా. సీట్లకు కొత్త కవర్లు. ఇక వంగి హెడ్‌లైటు చూడండి. నూనెపొగ పట్టిన వంటింటి ట్యూబులైటులా పసుప్పచ్చగా, మందంగా ఉంటుంది. లోపల బల్బు ఉందో లేదో కూడా తెలియదు. ఏమిటండీ ఇది అని ఆ కారాయన్ని అడిగితే, "రాత్రుళ్లు మనమెక్కడికి వెళ్తాం లెండి" అంటాడు.

ఎందుకు వెళ్లడూ? అర్ధరాత్రి ముహూర్తానికి వెళ్తాడు. తెల్లవారుజామున మూడింటికి విమానం దిగే కొడుకు కోసం శంషాబాద్ వెళ్తాడు. తెల్లారేసరికి అలిపిరి చేరాలని పిల్లాపాపల్ని ఎక్కించుకుని రాత్రంతా బండి తోలుతాడు. ఆ దారిలో ఎదురయ్యే మనిషి కనబడకపోతే అది ఈయన తప్పు కాదు, ఆ మనిషి ఖర్మ!

2018లో అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ ఈ మసకబారిన లైట్లను పరీక్షించింది. లో బీమ్‌లో కొత్త హెడ్‌లైటు ఇచ్చే వెలుగులో ఇవి ఇచ్చేది 20 శాతమే అని తేల్చింది. వెలుగు అయిదో వంతుకు పడిపోతే కనుచూపు దూరం సగానికి పైగా పోయినట్టే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే మనకు లెక్కే లేదు కదా, ఆ వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లి, బండి ఆగేసరికి మంచి రోడ్డు మీద కూడా 45 మీటర్లు కావాలి. మీ లైటు పాతిక మీటర్ల దగ్గరే చేతులెత్తేస్తే మిగతా ఇరవై ఎవరి మీదుగా పోతుంది?

ఇక మన రోడ్ల సంగతి చెప్పాలా! చెరకు బండికి వెనక ఎర్రరంగు రేకు ముక్క కూడా ఉండదు. ట్రాక్టర్ ట్రాలీకి టెయిల్ లైటు ఉండదు. బ్రేక్‌డౌన్ అయిన లారీ వెనక హెచ్చరిక అంటే ఒక వేపకొమ్మ, నాలుగు రాళ్లు. కోతలైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, పొద్దుగూకాక నల్ల టార్పాలిన్ కప్పుతారు, చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. తారురోడ్డు మీద నల్ల టార్పాలిన్ ఎలా కనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. రైతుని నేననను. వాడికి కల్లం కట్టించనివాళ్లని అంటాను, కానీ అది ఇంకో రోజు గొడవ. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. ప్రమాదాలు ఎక్కువ జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపల అని కేంద్ర రవాణా శాఖ లెక్కలే ఏటా చెబుతున్నాయి. అవన్నీ హెడ్‌లైట్ల వల్లే అని నేను చెప్పడం లేదు. ఎన్ని వాటివల్లో ఎవరైనా చూశారా అని అడుగుతున్నాను.

ఎవరు చూస్తారు? సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. అంటే కొన్న రోజు నుంచి పదిహేనేళ్ల దాకా ఆ లైటు పనిచేస్తోందా లేదా అని అధికారికంగా చూసే నాథుడు లేడు. లారీలకు, ట్యాక్సీలకు ఫిట్‌నెస్ ఉంది, కొంత నయం. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం సొంత కార్లు కూడా ఏటా బంకు పక్కన ఆ చిన్న వ్యాన్ దగ్గర ఆగుతాయి. కుర్రాడు సైలెన్సర్‌లో పైపు పెడతాడు, నంబర్ ప్లేటు ఫొటో తీస్తాడు, కాగితం చేతిలో పెడతాడు. నాలుగడుగులు ముందుకు వచ్చి లైటు కూడా చూడవయ్యా అని వాడికి చెప్పడానికి ఇన్నేళ్లలో ఏ ఆఫీసుకీ తోచలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లకు మాత్రం బాగానే తోచింది. మా ఊళ్లో ఒకచోట అడిగితే ఆ అడ్వైజర్ లైటు వైపు తల కూడా తిప్పకుండా "అసెంబ్లీ మార్చాలి సార్, రెండూ మార్చేస్తే బాగుంటుంది" అన్నాడు. కొటేషన్ వేలల్లో ఉంది. రుద్ది పాలిష్ చేస్తే రాదా అంటే, "అవన్నీ నిలబడవు సార్." నిలబడతాయి. ఎలాగో చెబితే వాళ్లకి గిట్టదు, అంతే.

అంబాసిడర్‌కీ, పద్మినీకీ గాజు అద్దాలు ఉండేవి. రాయి తగిలితే పగిలేవి కానీ పచ్చబడేవి కావు. ఇప్పుడున్నది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. తేలిక, గట్టి, కానీ ఎండకు ఆగదు. అందుకే కంపెనీలో దాని మీద పల్చని రక్షణపూత వేసి పంపిస్తారు. మన రోహిణికార్తె ఎండలకు ఆ పూత ఏళ్ల తరబడి మాడి, చిట్లి, పచ్చబడుతుంది. రోజూ ఒకే చోట కారు పెట్టేవాళ్లు గమనించండి, ఎండ పడే వైపు లైటే ముందు చెడుతుంది. ఆ గరుకు పొర వెలుగుని తిన్నగా పోనివ్వదు, నలుదిక్కులా చిమ్ముతుంది. రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాడి కళ్లలో పడుతుంది. అది చాలదన్నట్టు, వెలుగు తగ్గిందని 60/55 వాట్ల బల్బు తీసేసి 100/90 పెట్టిస్తారు! మురికి అలాగే ఉంటుంది, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి, ఆ వేడికి హోల్డర్లు, వైర్లు కాలతాయి.

పోగొట్టాల్సింది ఆ చచ్చిన పొరని. పెయింట్ సామాన్ల షాపులో వాటర్ పేపర్ అంటే ఇస్తారు. వెయ్యి, రెండు వేలు, మూడు వేల నంబర్లవి తీసుకోండి, పొర బాగా మందంగా ఉంటే ముందొక ఎనిమిదొందలది. ఒక మాస్కింగ్ టేపు, ఒక డబ్బా రబ్బింగ్ కాంపౌండ్. లైటు సబ్బునీళ్లతో కడిగి, చుట్టూ రంగు మీద టేపు రెండు వరసలు వేయండి. కాగితాన్ని నీళ్లలో నాననిచ్చి, అద్దం మీద నీళ్లు పోస్తూ అడ్డంగా రుద్దండి. మొదట కారేది పసుపు నీళ్లు. అవి తెల్లగా మారేదాకా వదలొద్దు, పసుపు కారుతున్నంతసేపూ పాత పొర ఇంకా ఉన్నట్టే. కాగితం మార్చినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి, కిందటి గీతలు చెరిగాయో లేదో తెలుస్తుంది. మధ్యలో అద్దం బాత్‌రూమ్ కిటికీలా తెల్లగా అయిపోతుంది. చాలామంది గుండె జారేది ఇక్కడే, ఉన్నది కాస్తా పాడుచేశామని. ఆగకండి. మూడు వేల కాగితం అయ్యాక కాంపౌండ్ పెట్టి మెత్తటి గుడ్డతో గట్టిగా తిప్పితే బల్బు కనబడుతుంది.

అక్కడితో అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. పచ్చబడ్డ పూతతో పాటు రక్షణ కూడా మీరే తీసేశారు, కొన్ని నెలల్లో మళ్లీ మసకేస్తుంది. అందుకని ఎండను ఆపే క్లియర్ కోట్ స్ప్రే, నీడలో, ముక్కుకి మాస్కు కట్టుకుని, పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. స్ప్రే ధరని బట్టి అంతా కలిపి అయిదొందలు, ఆరొందలు, ఓ పూట ఒళ్లు వంచడం. ఇలా బాగుచేసిన లైట్లు కొత్తవాటిలో 70 శాతం దాకా వెలుగిస్తాయని అదే ట్రిపుల్ ఏ చెప్పింది. లోపల చెమ్మ చేరినా, ప్లాస్టిక్ లోతుల్లో చిట్లినా ఈ పని పనికిరాదు. అప్పుడు మార్చండి, కాదనను.

ఫోన్లలో తిరిగే చిట్కాల సంగతి చూస్తే ఒళ్లు మండుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే నాలుగు రోజులు మెరుస్తుంది, ఆ నాలుగు రోజుల్లో కారు అమ్మేసేవాడికి అది చాలు. థిన్నర్, పెట్రోలు ప్లాస్టిక్‌ని చిట్లిస్తాయి. దోమల స్ప్రే అయితే పైపొరనే కరిగిస్తుంది, ఆ కరగడాన్నే శుభ్రమైందని లక్షల మందికి చూపిస్తున్నారు.

జనవరి వస్తే రోడ్డు భద్రత మాసోత్సవాలు చేస్తారు. షామియానా, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి, డ్రైవర్లకు ఉచిత కంటి పరీక్షలు. మంచిదే, చెయ్యండి. కంటి పరీక్ష చేయించుకుని అతను ఎక్కేది మాత్రం అదే పచ్చబడ్డ లైట్ల బండి. వచ్చే జనవరిలో ఆ షామియానా పక్కనే రెండు బకెట్ల నీళ్లు, ఓ కట్ట వాటర్ పేపర్లు, నాలుగు స్ప్రే డబ్బాలు పెట్టించండి. రుద్దడానికి ఐటీఐ మెకానిక్ కోర్సు పిల్లల్ని పిలవండి, సంతోషంగా వస్తారు. డబ్బుల్లేవంటారా? ముఖ్య అతిథి ఫొటో వేసే ఆ ఫ్లెక్సీ ఒకటి తగ్గించుకోండి.