పాటకు కర్త యెవరు, స్వామి యెవరు?

కళాకారుని హృదయమునుండి పుట్టిన పాట సత్యమనియు, వ్యాపారి మూసలో పోసిన పాట మిథ్య యనియు తీర్పు చెప్పు రసికులు సంగీతలోకమున అన్ని కాలములందును కలరు. వినుటకు సొంపుగా నున్న ఈ తీర్పు చరిత్ర యెదుట ఎంతవరకు నిలుచునో పరికించుట యవసరము.

1965లో అమెరికాలో బీటిల్స్ వంటి నలుగురు యువకుల కథను టెలివిజను ధారావాహికగా తీయదలచిన నిర్మాతలు సినిమా పత్రికలలో ప్రకటన వేయగా 437 మంది వచ్చిరి. ఇట్లు ఏరి కూర్చిన బృందమే మంకీస్. చాలవరకు పాటలు వ్రాసినవారు వేరు, వాద్యములు వాయించినవారు వేరు. సంగీత పర్యవేక్షకుడైన డాన్ కిర్ష్నర్ సిద్ధపరచిన బాణీలకు గొంతు నిచ్చుటయే ముఖ్యముగా ఈ నలుగురి వంతు. 1967 జనవరిలో వారి రెండవ ఆల్బము వారికే తెలియకుండ అంగళ్లకెక్కెను. బెవర్లీ హిల్స్‌లోని ఒక హోటలులో, ఒప్పందపత్రమును జ్ఞాపకము చేసిన న్యాయవాది సమక్షమున, బృందములో నొకడైన మైకేల్ నెస్మిత్ గోడను పిడికిటితో గ్రుద్ది తూటు పొడిచెను. కొలదికాలమునకే కిర్ష్నర్ పదవి పోయినది. ఆ మే నెలలో తామే వాయించి వెలువరించిన ‘హెడ్‌క్వార్టర్స్’ ఒక వారము ప్రథమస్థానమున నిలిచి, మరువారమే బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’కు చోటు విడిచినది. అమ్మకములు మునుపటికన్న తగ్గినను పాట వారిదైనది.

కిర్ష్నర్ నేర్చుకొన్న పాఠము వేరు. ఆయన తరువాత చేపట్టిన ఆర్చీస్ బృందమున మనుష్యులే లేరు. అందరును కార్టూను బొమ్మలు. 1969లో వారి ‘షుగర్, షుగర్’ నాలుగు వారములు అమెరికాలో అగ్రస్థానమున నుండెను. కాగితముమీది బొమ్మ గోడను గ్రుద్దదు గదా!

అట్లని మూసలో పోసినదెల్ల నీచమనుటకు వీలులేదు. స్వతంత్ర కళాకారులుగా కీర్తిగన్న బర్డ్స్ బృందము 1965లో ‘మిస్టర్ టాంబొరీన్ మాన్’ పాటను రికార్డు చేసినపుడు, వారిలో వాద్యము పట్టినవాడు రోజర్ మెగ్విన్ ఒక్కడే; తక్కిన వాద్యకారులు కూలికి వచ్చిన నిపుణులు. డెట్రాయిట్ మోటారు కర్మాగారమున పనిచేసిన బెరీ గోర్డీ, కారు భాగములు వరుసగా బిగించు పద్ధతినే ఆదర్శముగా గొని మోటౌన్ సంస్థను నడపెను. ఆ పాటల కర్మాగారముననే కళాకారుడుగా పెరిగిన మార్విన్ గే, యజమాని సందేహించినను పట్టువిడువక, 1971లో ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వెలువరించెను. కావున పుట్టినచోటును బట్టి పాట కులమును నిర్ణయించుట న్యాయము గాదు.

మరి మోసమెచ్చటనున్నది? పెదవి యొకరిది, గొంతు మరియొకరిదైన మిల్లీ వనిల్లీ జంటకు 1990లో ఇచ్చిన గ్రామీ బహుమానమును ఆ యేడే వెనుకకు తీసికొనిరి. ఇది వినిన తెలుగువానికి నవ్వు వచ్చుట సహజము: రామారావు, నాగేశ్వరరావుల పెదవులపై ఘంటసాల గొంతు పలుకగా, వంచితులమైతిమని మనమెన్నడును తలపలేదు. పాడినవాని పేరు తెరమీదను రికార్డుమీదను ఉండుటయే అందులకు కారణము. అక్కడ మరుగుపరచినదే ఇక్కడ బహిరంగము; నేరము గొంతు అరువు తెచ్చుటలో లేదు, అరువును దాచుటలో నున్నది.

వ్యాపారము లేక రికార్డు లేదు. కర్మాగారము లేక ఎందరో గాయకులకు తొలి అవకాశమే లేదు. దానిని శపించి లాభము లేదు. అయితే కొత్త బృందమొకటి వెలసి, అసలుదా నకిలీదా యను చర్చ మరల రేగినపుడు, పాఠకులు రెండు విషయములు విచారింపవలెను: ఈ పాట వలదని చెప్పుటకు పాడువానికి హక్కు కలదా? ఎవరి శ్రమ యిది యని వినువానికి చెప్పిరా? బాణీ యెవరు కట్టిరను ప్రశ్న అటు తరువాతిది.