పురుగుకు పేరు పెట్టారు, రైతుకు చెప్పలేదు

2021 వానాకాలాన్ని మిరప రైతు మరిచిపోలేడు. పువ్వు తుంపి అరచేతిలో దులిపితే ఆవగింజకన్నా సన్నటి నల్ల పురుగులు పాకేవి. మందు మీద మందు కొట్టినా పూత రాలింది, కాయ నిలవలేదు. ఎకరాకు లక్ష రూపాయల దాకా పెట్టుబడి మట్టిలో కలిసింది. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల్లో ఎంతోమంది చేను పీకేశారు, ట్రాక్టర్ పెట్టి దున్నేశారు. అప్పుకు భయపడి ప్రాణం తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

అప్పుడు మనకు దొరికిన జవాబు ఒక్కటే: ఇది కొత్త పురుగు, ఎవరికీ తెలియదు. ఆ మాట అబద్ధం. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ నల్ల తామర పురుగును మన దేశంలో 2015లోనే గుర్తించారు. బెంగళూరులో బొప్పాయి మీద దొరికితే పట్టి, పరీక్షించి, పేరుతో సహా శాస్త్ర పత్రికలో అచ్చు వేశారు. 2021 మొదట్లో గుంటూరు మిరపలో కనిపించింది. ఆ ఏడాది పోకముందే మన చేన్లను మింగింది. అంటే బెంగళూరు బొప్పాయి నుంచి మన మిరప దాకా ఆరేళ్ల గడువు ఉంది. ఆ ఆరేళ్లలో పురుగు నడిచొచ్చింది గానీ దాని కబురు మాత్రం మన ఊరికి రాలేదు.

గుర్తించిన శాస్త్రవేత్తల మీద మనకు కోపం లేదు. వాళ్లు చేయాల్సిన పని వాళ్లు చేశారు. దేవునూరు ఇనుపరాతి గుట్టల్లో కొత్త సీతాకోకను, అరుదైన రెక్కల పురుగును వెతికి ఫొటో తీసేవాళ్ల మీదా కోపం లేదు. ఏ పురుగు ఎక్కడ, ఏ నాడు, ఏ చెట్టు మీద కనిపించిందో రాసిపెట్టడం మంచి పని. మన కొట్లాట ఆ రాత పత్రికలోనే ఆగిపోవడం మీద.

రాత వల్ల మేలు జరుగుతుందనడానికి రుజువు ఉంది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడింది. దాని పేరు తేలింది కాబట్టే దాని శత్రువు ఎవరో కూడా తేలింది. 2010లో ప్యూర్టోరికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి వదిలితే పిండినల్లి అదుపులోకి వచ్చింది. పేరు తెలియని పురుగుకు దుకాణంలో ఏది అంటగడితే అదే మందు.

మక్కను తిన్న కత్తెర పురుగునే చూడండి. అమెరికా ఖండాల పురుగు 2016లో ఆఫ్రికాలో దిగింది, 2018 మే నెలలో కర్ణాటకలో బయటపడింది, అదే ఏడాది తెలంగాణ చేన్లకు చేరింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. ఆఫ్రికాలో దాని నష్టం ముందే చూశారు కాబట్టి తల మీద తలకిందుల వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు చూడమని రైతులకు చెప్పగలిగారు. మరి మిరపకు ఆ పని ఎందుకు చేయలేదు?

రైతుకు పురుగుల గురించి ఏం తెలుసనేవాళ్లు ఉన్నారు. పొద్దున్నే చేనుకు పోయేది ఎవరు? కొత్త పురుగును మొదట చూసేది రైతు కన్ను, కూలికి పోయిన ఆడబిడ్డ కన్ను. మనం చూసింది రాసుకునే చోటు లేదు, అంతే. విదేశీ పురుగులు రాకుండా ఆపడానికి 1914 నాటి చట్టం ఉంది. ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో తనిఖీ బాధ్యత సర్కారుదే. అక్కడ జారవిడిచిన పురుగుకు ధర్మసాగర్ చెలకలో రైతు ఎందుకు జరిమానా కట్టాలి? 2021లో మన రాష్ట్రంలో ఫసల్ బీమా కూడా లేదు. నష్టానికి రాత లేదు కాబట్టి పరిహారానికి దిక్కు లేదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. ఆకు తెంపుకుని వ్యవసాయ అధికారి దగ్గరికి కాకుండా మందుల దుకాణానికి పోతున్నాం. అప్పు ఇచ్చేది అతనే కాబట్టి అతను ఇచ్చిన మూడు డబ్బాలు కలిపి కొడుతున్నాం. దాంతో అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు చచ్చి, తామర పురుగు ఇంకా బలిసింది. 1997లో లద్దె పురుగు పత్తిని తిన్నప్పుడూ వరంగల్ రైతు ఇదే దారిలో పోయి ఉరితాడు దాకా వెళ్లాడు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి రైతు వేదికలో పురుగుల రిజిస్టర్ పెట్టాలి. తేదీ, ఊరు, పంట, చూసిన రైతు పేరు అందులో రాయాలి.

2. రైతు తెచ్చిన కొత్త పురుగు పేరును వరంగల్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వారంలోగా తెలుగులో చెప్పాలి.

3. దేశంలో ఎక్కడ కొత్త పురుగు నమోదైనా, అది తినే పంటలు పండే మండలాలన్నిటికీ వెంటనే హెచ్చరిక పంపాలి.

4. దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు ఉచితంగా ఇచ్చి, వాటిలో పడిన పురుగుల లెక్క ఊరికి చెప్పాలి.

5. విదేశీ పురుగుతో పోయిన పంటను ప్రకృతి విపత్తుగా లెక్కగట్టి, కౌలు రైతుతో సహా పరిహారం ఇవ్వాలి.

సర్కారు కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి గ్రామ కమిటీ ఈ వానాకాలమే ఒక నోటుబుక్ తెరవాలి. తెలియని పురుగు కనిపిస్తే ఫొటో తీయండి. చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి అందులో ఒకటి వేయండి. గొంగళి పురుగైతే ఇంకొకదాన్ని ఆకుతో సహా, గాలి ఆడే డబ్బాలో బతికుంచండి. రెక్కలొచ్చాక గుర్తుపట్టడం తేలిక. తేదీ, చేను పేరు రాసి మండల కమిటీకి అందించండి. సీసాలన్నీ ఒకచోట చేర్చి, అధికారి బల్ల మీద పెట్టి పేర్లు అడుగుదాం.

పురుగు మన చేనుకు వచ్చేలోపే దాని పేరు మన ఊరికి రావాలి. అది దయ కాదు, మన హక్కు.