గడియారపు వెనుకవైపు

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఐరోపాలో తయారైన అలంకృత జేబు గడియారములు కొన్నింటిని వెనుకకు త్రిప్పి చూచినచో ఎగురుచున్న కొంగయో, వెదురు రెమ్మయో, పూచిన చెర్రీ కొమ్మయో కనిపించును. వీనినన్నింటిని జపాను ప్రభావమను ఒక్క మాటతో ముడివైచుట పరిపాటి. ఆ మాట అంత ఉదారముగా వాడదగినది కాదని నా అభిప్రాయము. బొమ్మను ఎత్తి తెచ్చుకొన్న పనివాడును, ఆ బొమ్మ వెనుకనున్న చూపును అలవరచుకొన్న పనివాడును ఒక్కటి కారు.

చరిత్రను క్లుప్తముగా చెప్పవచ్చును. 1854 నాటి సంధితో అమెరికా నౌకలకు రెండు రేవులు తెరచిన జపాను, పిమ్మట ఐరోపా వర్తకులకును ద్వారములు తెరచెను. 1862లో లండను ప్రదర్శనమున బ్రిటిషు దౌత్యాధికారి రూథర్‌ఫర్డ్ ఆల్కాక్ సేకరించిన జపాను వస్తువులను జనులు వింతగా చూచిరి. 1867లో పారిస్ ప్రదర్శనమున జపాను స్వయముగా పాల్గొనెను. 1872 నాటికి ఈ మోజు ఎంత ముదిరెననగా, ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ బుర్తీ దానికి ‘జపొనీజ్మ్’ అని పేరే పెట్టెను.

అంతకుముందు గుండ్రని మూత చేతికి వచ్చినచో ఐరోపా చెక్కడపు పనివాడు సామాన్యముగా ఏమి చేయుచుండెను? నడుమ ఒక బొమ్మ, చుట్టును లతల హారము, కుడియెడమలకు సమతూకము. జపాను అచ్చుబొమ్మల తీరు వేరు. వానిలో కొమ్మ ఒక అంచునుండి చొచ్చుకొనివచ్చును. దాని మొదలు కనిపించదు. తావులో పెద్దపాలు ఖాళీగా మిగులును. ఆ ఖాళీయే ఆకాశము, ఆ ఖాళీయే మంచు, ఆ ఖాళీయే నీరు. రెండంగుళముల బంగారు బిళ్ళపై అంత చోటును ముట్టక విడుచుటకు గుండె దిటవు కావలెను. చిత్రలేఖనోపాధ్యాయులు పిల్లలచేత ఒక వృత్తములో ఒక్క కొమ్మను గీయించి చూతురుగాక! పెక్కుమంది దానిని నడుమనే నిలుపుదురు.

విసనకఱ్ఱ పట్టిన కిమోనో సుందరిని నడుమ నిలిపి, చుట్టును పాత లతలనే పాకించిన పనిని వర్తకపు సరకు అనవలెనే కాని ప్రభావమనరాదు. 1900 ప్రాంతమున రెనే లాలిక్ చేసిన ఒక బంగారు జేబు గడియారముపై గబ్బిలములు గుంపుగా ఎగురుచుండును. అందు కిమోనో లేదు, పగోడా లేదు. అయినను చిన్న ప్రాణిని శ్రద్ధతో చూచు ఆ చూపు ఎచ్చటినుండి వచ్చినదో తెలియుచునే యున్నది.

ఈ చర్చలో తగినంతగా స్మరింపబడని వస్తువొకటి కలదు. అది జపాను కత్తి పిడికిని అలుగునకును నడుమ నుండు లోహపు బిళ్ళ. ‘త్సుబా’ అని పేరు. చాలవరకు గుండ్రని ఆ బిళ్ళపైననే అచ్చటి లోహకారులు తరతరములుగా తమ నేర్పు చూపిరి. రాగిలో కొద్దిపాటి బంగారము కలిపి, ద్రావకములో ఉడికించి నీలినలుపు వన్నె తెచ్చు ‘షకుదో’ వారి సొత్తు. గడియారపు మూతకు ఇంతకంటె దగ్గర చుట్టము వేరొకటి లేదు. రెండును గుండ్రనివి, రెండును మనుష్యుని నడుమును అంటిపెట్టుకొని యుండునవి. 1876లో బహిరంగముగా కత్తి ధరించుట నిషేధింపబడగా ఆ లోహకారుల వృత్తికి మూలమే పోయెను. వారు పూలకుండీలు, పెట్టెలు చేసి పరదేశీయులకు అమ్ముకొనిరి. పాత త్సుబాలును ఓడలెక్కెను. పెక్కింటిపై చేసినవారి పేర్లు చెక్కియే యున్నవి. గడియారముల ముచ్చటలో పారిస్ నగిషీకారుల పేర్లు వినబడినట్లు ఆ పేర్లు వినబడవు. ఇది న్యాయము కాదు.

ఇక గడియారమును ముందువైపునకు త్రిప్పుదము. ఆ ముఖముపై జపానుది ఏమియు లేదు. పండ్రెండు సమానమైన గంటలు మాత్రమే కలవు. జపానులోనో, పగటిని ఆరుగా, రాత్రిని ఆరుగా పంచుకొనెడివారు. మన రాహుకాలపు నిడివి పగటి ప్రమాణమును బట్టి మారునట్లు, అచ్చట ప్రతి భాగపు నిడివియు ఋతువును బట్టి మారుచుండెను. పదునారవ శతాబ్దిలో క్రైస్తవ మతాచార్యుల ద్వారా ఐరోపా గడియారము వచ్చినప్పుడు జపాను పనివారు దానిని ఉన్నదున్నట్లు స్వీకరింపలేదు. ఊగు దండెపై బరువులను జరిపియు, అంకెల బిళ్ళలను కదలించియు ఆ యంత్రమును తమ సూర్యునికి లొంగదీసిరి. ప్రభావమను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తోచదు.

1873 జనవరి 1వ తేదీతో ఆ కాలమానము రద్దయ్యెను. ఆ యేడే జపాను ప్రభుత్వము వియన్నా ప్రదర్శనమునకు తన కళావస్తువులను పంపెను. 1895లో హత్తోరి కింతారో స్థాపించిన సెయికోషా కర్మాగారము తన తొలి జేబు గడియారమును వెలువరించెను. ఐరోపా మార్చుకొన్నది మూతమీది బొమ్మను. జపాను మార్చుకొన్నది దినమునే. ఋతువులననుసరించి నడచిన ఆ పాత గడియారములు కొన్ని నేడు టోక్యోలోను, లండనులోను ప్రదర్శనశాలల అద్దపు బీరువాలలో నున్నవి.