సగటు లెక్కలో మన గడప ఎక్కడ?

తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలోనే ముందుంది. గచ్చిబౌలి, కోకాపేటల అద్దాల మేడలు ఈ జిల్లాలోనివే. మొయినాబాద్, చేవెళ్ల పల్లెలూ ఈ జిల్లాలోనివే. రెండింటినీ కలిపి సగటు తీస్తే మేడల వెలుగులో పల్లెల కొరత కనబడదు.

ఇది కేవలం ఊహ కాదు. 2019లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57.4 శాతం, స్త్రీలు 26.5 శాతం. ఆ స్త్రీలలోనూ పట్టణాలవారు 43.9 శాతం కాగా, పల్లెలవారు 15.8 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయితే ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది ఆడపిల్ల చేతికి అందడం వేరు.

2020 సెప్టెంబరు 1న బడి పాఠాలు టీవీలో, ఫోన్లలో మొదలైనప్పుడు ఈ సంగతి మనమంతా కళ్లారా చూశాం. ఉన్న ఒక్క ఫోన్ పొద్దున్నే అబ్బాతో పాటు ఆటోలో వెళ్లిపోయేది. రాత్రికి తిరిగొస్తే మొదటి వంతు అన్నది, మిగిలితే చెల్లెలిది. లెక్కల్లో మాత్రం అది ఫోన్ ఉన్న ఇల్లే! నేడు స్కాలర్‌షిప్ దరఖాస్తు మొదలు రేషన్ కార్డు పని వరకు ఫోన్ లేనిదే సాగడం లేదు.

2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. లెక్కకు వచ్చిన జనాభాలో ముస్లింలు 12.56 శాతమని తేలింది. మనం ఎందరమో తెలిసింది. ఏ గల్లీలో ఏ పిల్లకు ఏమి అందలేదో తెలియాలంటే మాత్రం ఊరి లెక్క ఊరే తీసుకోవాలి.

అదేమంత కష్టం కాదు. మసీదు కమిటీ, బడి పంతుళ్లు, మహిళా సంఘాలు కలిస్తే ఒక ఆదివారం చాలు. ఇంట్లో ఫోన్లెన్ని? పిల్లల చేతికి ఎంతసేపు అందుతుంది? సిగ్నల్ వస్తుందా? తెలుగు, ఉర్దూలలో ఏది చదవగలరు? నేర్పేవారున్నారా? ఈ అయిదు ప్రశ్నలు చాలు. పేర్లు రాయనవసరం లేదు. ఇంటి గుట్టు మన దగ్గర అమానత్. మన మొహల్లాతో ఆగకుండా దళితవాడనూ లెక్కలో చేర్చాలి. లేమికి మతం లేదు.

కంప్యూటర్ గది ఎక్కడ కావాలో, ఆడపిల్లలు ఏ వేళల్లో రాగలరో ఆ కాగితమే చెబుతుంది. దానిని అధికారుల ముందు పెట్టి అడిగితే కాదనడం కష్టం. దాతలకూ అదే దారి చూపుతుంది. లెక్క లేకుండా పంచితే, రెండు ఫోన్లున్న ఇంటికే మూడోది చేరుతుంది. లేనివారి గడప ఎప్పటిలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.