కొండమీది ఇంటి దీపము

పారిపోయి వచ్చిన దాసుని యజమానునికి అప్పగింపకూడదను ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఉన్నది. ఆ మాట చొప్పున నడిచిన ఒక అమెరికా పాదిరి కుటుంబమును గూర్చి ఈ నెల చెప్పదలచాము.

జాన్ రాంకిన్ గారు ప్రెస్బిటేరియన్ బోధకులు. 1822లో ఒహాయో రాష్ట్రములోని రిప్లీ అను ఊరికి కాపరిగా వచ్చారు. ఊరి ముందే ఒహాయో నది. ఆవలి ఒడ్డున కెంటకీ. అక్కడ మనుష్యులను పశువులవలె అమ్మేవారు. ఈవల బానిసత్వము లేదు. అయినను నది దాటినంత మాత్రాన విడుదల దొరకదు. యజమానుల మనుష్యులు వెంటబడి వచ్చి పట్టుకొనిపోయేవారు, చట్టము వారి పక్షముననే ఉండేది. 1850 చట్టము ప్రకారము, దాచినవారికి 1,000 డాలర్ల వరకు జుర్మానా, ఆరు నెలల వరకు చెరసాల. అందుచేత ఆ ప్రజలను రాత్రివేళ ఇంటినుండి ఇంటికి, కెనడా వరకు దాటించేవారు. దీనికి 'భూగర్భ రైలుమార్గము' అని పేరు. పట్టాలూ లేవు, సొరంగమూ లేదు.

రాంకిన్ గారి ఇల్లు కొండమీద. కిటికీలోని దీపము నది అవతలికి కనిపించేది. వచ్చినవారికి భోజనము పెట్టడము, దాచడము జీన్ అమ్మగారి పని. గుఱ్ఱాలమీద తరువాతి ఇంటికి చేర్చడము కుమారుల పని. పిల్లలు 13 మంది! అంతమంది ఉన్న ఇంట రహస్యము నిలుపుట ఎంత కష్టమో తల్లులకు తెలుసు. 1838 చలికాలములో ఒక తల్లి చంటిబిడ్డతో కరుగుచున్న మంచుగడ్డలమీదుగా నది దాటి ఈ ఇల్లు చేరింది. హారియట్ బీచర్ స్టో గారి 1852 నవలలోని ఎలీజా కథకు అదే ఆధారము. 1841లో దుండగులు ఇంటిమీద పడగా కుమారులు తుపాకులతో ఎదిరించారు. బోధకుని ఇంట తుపాకులా అని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నే.

అదే ఊరిలో జాన్ పార్కర్ అను నల్లజాతివాడు ఉండేవాడు. ఎనిమిదేండ్లకే అమ్ముడుపోయి, 1845లో 1,800 డాలర్లిచ్చి తన్ను తానే కొనుక్కున్నాడు. పగలు ఇనుప పోతపని, రాత్రి పడవలో కెంటకీకి వెళ్లి మనుష్యులను తెచ్చేవాడు. పాదిరిగారు దొరికితే జుర్మానా, చెర. పార్కర్ దొరికితే మరల సంకెళ్లు, లేదా చావు. ఇతని పేరు ఇంకా ఎక్కువగా వినబడవలెనని మా మనవి.

అయితే రాంకిన్ గారి పనులలో మాకు అన్నిటికంటె కష్టముగా తోచినది వేరొకటి. వర్జీనియాలో వర్తకుడైన ఆయన సొంత సహోదరుడు థామస్ బానిసలను కొన్నాడని తెలిసింది. తెలియనివానికి తలుపు తీయవచ్చును. తోబుట్టువుతో నీవు చేసినది పాపమని చెప్పగలమా? ఆస్తి మాట వస్తే మన ఇండ్లలో మాటలే ఆగిపోతాయి. ఆయన ఊరకుండలేదు, ప్రేమ విడువలేదు. వరుసగా ఉత్తరాలు వ్రాశారు. అవి 1826లో పుస్తకముగా వచ్చాయి. 1827లో థామస్ ఒహాయోకు వచ్చి, తన బానిసలను విడిచిపెట్టాడు.